ఐదో రిసీవర్ ఎవరో తేల్చుకోవడానికి ఈ చందా పనికొస్తుందా?

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచులను ఇంటర్నెట్‌లో చూపించే ఒక చందా సేవను గత రెండు సీజన్లుగా విశాఖపట్నంలో, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో వాడుతున్నాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే ఫిర్యాదులు చాలావరకు నా వింత అవసరం నుంచి పుట్టినవి. ఆదివారం రాత్రి ఒక పెద్ద మ్యాచ్ పెట్టుకుని, అరిసి, నిద్రపోయే మనిషికి వాటిలో ఏదీ తగలదు. పిట్స్‌బర్గ్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చిన వాణ్ణి కనుక నాకు స్టీలర్స్ జట్టు మీద అభిమానం మిగిలిపోయింది. ఆ అభిమానం ఇప్పుడు ఒక పందెం రూపంలో బతుకుతోంది: ఏటా ఆగస్టులో నేనూ మా మేనల్లుడూ ఆ జట్టు వైడ్ రిసీవర్లలో నాలుగు, ఐదు, ఆరు స్థానాలు ఎవరికి దక్కాలో విడివిడిగా కాగితం మీద రాసి, జట్టు ప్రకటన వెలువడ్డాక సరిచూసుకుంటాం. ఓడినవారు టిఫిన్ పెట్టించాలి. ఈ సమీక్ష ఆ ఒక్క పనికి ఈ సేవ ఎంతవరకు ఉపయోగపడిందన్నదాని గురించే.

ఆట తెలియని వారి కోసం కొన్ని అంకెలు చెప్పాలి. శిక్షణ శిబిరంలో ఒక్కో జట్టుకు 90 మంది ఉంటారు. సీజన్ మొదలయ్యేసరికి వారిలో 53 మందే మిగలాలి. 2021, 2022 సంవత్సరాల్లో ఈ కోత విడతలవారీగా జరిగేది. 2023 నుంచి ఒకే రోజున, ఒకే దెబ్బకు జరుగుతోంది. 2025లో ఆ గడువు ఆగస్టు 26, అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం నాలుగు గంటలు, అంటే మనకు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తి అందుకునే వైడ్ రిసీవర్లు శిబిరానికి పది, పన్నెండు మంది వస్తే, సాధారణంగా ఐదుగురో ఆరుగురో నిలుస్తారు. మొదటి ముగ్గురి విషయంలో తర్కం అక్కర్లేదు, వాళ్ల జీతాలే చెబుతాయి. తర్కమంతా తరువాతి రెండు మూడు కుర్చీల దగ్గరే.

ఆ కుర్చీల స్వభావాన్ని మన ఊరి వారికి చెప్పాలంటే కె.ఎస్. భరత్‌ను గుర్తు చేసుకుంటే చాలు. భారత టెస్టు జట్టుతో చాలాకాలం రెండో వికెట్ కీపర్‌గా తిరిగి, 2021లో కాన్పూర్‌లో సాహా మెడ పట్టేయడంతో అతని బదులు కీపింగ్ చేసి, చివరకు 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో తొలి టెస్టు ఆడాడు. బెంచి మీద కూర్చున్నంతకాలం అతను సిద్ధపడింది మొదటి కీపర్ చేసే పనికే. ఇక్కడ అలా కాదు. మ్యాచ్ రోజున 53 మందిలో గరిష్ఠంగా 48 మందే ఆటకు దిగగలరు. ఐదో రిసీవర్ దిగాలంటే, బంతి పట్టడం కాకుండా, పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేయడం) కొట్టినప్పుడు అంచున నిలబడి అవతలి ఆటగాడి మీదికి దూసుకుపోయే గన్నర్‌గానో, కికాఫ్‌ను, అంటే ఆట మొదలుపెడుతూ అవతలివారు తన్నిన బంతిని, తీసుకుని పరుగెత్తే రిటర్నర్‌గానో, అడ్డుకునే వాడిగానో పనికిరావాలి. అంటే ఐదో రిసీవర్‌ను పేరుకే రిసీవర్ అనాలి, అతని అసలు ఉద్యోగం వేరు. అందుకే నేను ఈ సేవను ఒక్కటే ప్రశ్న అడుగుతాను: ఆ వేరే ఉద్యోగాన్ని ఇది నాకు చూపిస్తుందా?

ముందుగా, చూపించని పద్ధతుల గురించి. ఈ సేవలో ఒకే మ్యాచ్‌ను నాలుగు రకాలుగా చూడవచ్చు: ప్రత్యక్ష ప్రసారం, పూర్తి రీప్లే, ఖాళీ సమయాలను కోసేసి సుమారు నలభై నిమిషాలకు కుదించిన రూపం, పది నిమిషాల ముఖ్యాంశాలు. ముఖ్యాంశాల్లో పంట్ అన్నదే ఉండదు. అది చూసి ఐదో రిసీవర్‌ను ఎంచుకోవడం పెళ్లి ఫోటోలు చూసి వంటవాణ్ణి కుదుర్చుకోవడం లాంటిది. కుదించిన రూపం ఉద్యోగస్తులకు వరమే, దానితో నాకు పేచీ లేదు. కానీ పంట్ వచ్చేసరికి బంతి గాల్లోకి లేచిన క్షణం నుంచి మొదలై, పట్టినవాడు పడిపోగానే ముగుస్తుంది. గన్నర్‌ను ఇద్దరు కలిసి ఆట మొదలయ్యే గీత దగ్గరే తొక్కిపెట్టడానికి చూడటం, అతను వాళ్లను విదిలించుకుని బయటపడటం, అంటే అతని జీతానికి కారణమైన మొదటి రెండు సెకన్లు, కత్తెరలో పోతాయి. పూర్తి రీప్లేలో కత్తెర లేదు గాని, ప్రసార కెమెరా బంతి వెంటే పోతుంది కనుక అందులోనూ సగమే దొరుకుతుంది.

అందరికీ పనికొచ్చే ఈ నాలుగు రూపాలకు పక్కన, మెనూలో మూడు అంతస్తుల కింద, ఈ చందాకు నా దృష్టిలో అసలు విలువ ఇచ్చే వస్తువు ఒకటి ఉంది. కోచ్‌లు చూసే ఫిల్మ్ అది, ఆల్-22 అంటారు. స్టేడియం పైఅంచు నుంచి తీసినది కనుక మైదానంలోని 22 మందీ ఎప్పుడూ ఫ్రేములోనే ఉంటారు. వెంటనే అదే ఆటను, అంటే బంతి కదిలిన దగ్గర నుంచి ఆగేదాకా ఉన్న ఆ ఒక్క తునకను, గోల్‌పోస్టుల వెనక నుంచి మరోసారి చూపిస్తారు. వ్యాఖ్యానం లేదు, జనం అరుపులు లేవు, ప్రకటనలు లేవు. మొదటిసారి చూసినప్పుడు మా మేనల్లుడు ట్రాఫిక్ పోలీసుల సీసీటీవీలా ఉందన్నాడు. నిజమే, కానీ ఎవరు ఎక్కడ తప్పు చేశారో తెలిసేది కూడా సీసీటీవీలోనే కదా.

దీనిలో రిసీవర్‌ను ఎలా చూడాలో నేర్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది. మొదట బంతిని చూడటం మానేయాలి. ఒక ఆటగాణ్ణి ఎంచుకుని, బంతి అతనికి రాని ఆటలన్నీ వరుసగా చూడాలి. ఎందుకంటే మ్యాచ్ మొత్తంలో అతనికి బంతి వచ్చేది రెండు మూడు సార్లు, మిగతా ఇరవై ముప్పై ఆటల్లో అతను ఏం చేశాడన్నదే కోచ్‌కు కావలసిన సంగతి. గీత మీద ముఖానికి ముఖం పెట్టి నిలబడి కాపలా కాసే కార్నర్‌బ్యాక్ ఛాతీ మీద చెయ్యి వేస్తే ఆ చేతిని తప్పించుకోవడానికి ఎన్ని అడుగులు వృథా చేశాడు. పన్నెండు గజాల దగ్గర తిరగవలసిన రూట్‌ను (ముందే నిర్ణయించిన పరుగు దారిని) పది గజాలకే తుంచేశాడా. పరుగు ఆటలో తనకు సంబంధం లేని వైపు కూడా ఎవరినైనా అడ్డుకున్నాడా, లేక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడా. క్వార్టర్‌బ్యాక్ చిక్కులో పడి పక్కకు పరుగెత్తితే తన రూట్ వదిలి అతనికి కనిపించేలా వెనక్కి వచ్చాడా. ఇవన్నీ ఈ ఫిల్మ్‌లో కంటికి కనిపిస్తాయి, గణాంకాల పట్టికలో ఒక్కటీ ఉండదు.

ఆ పట్టిక గురించి కూడా చెప్పాలి, మేనల్లుడు దాన్ని నమ్మే మునిగాడు కనుక. ఈ సేవలో ప్రతి ఆటగాడికీ ఒక పేజీ ఉంది. పట్టిన బంతులు, గజాలు, టచ్‌డౌన్లు (బంతిని మైదానం చివరికి చేర్చి చేసే స్కోర్లు) మాత్రమే అందులో ఉంటాయి. పంట్, కికాఫ్ ఆటల్లో అతను ఎన్నింటికి దిగాడన్న లెక్క లేదు. ఒక కుర్రాడు ప్రీసీజన్‌లో, అంటే సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచుల్లో, వరుసగా బంతులు పడుతుంటే, "మావయ్యా, వీణ్ణి తీసేస్తే వాళ్లకు మతి లేనట్టే" అని మావాడు తన కాగితం మీద అతని పేరు ముందే రాసేశాడు. అదే కుర్రాణ్ణి ఆల్-22లో చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి: పట్టిన బంతులన్నీ నాలుగో క్వార్టర్‌లో, మరో వారానికి తాము కూడా ఇంటికి పోబోయే డిఫెండర్ల మీద పట్టినవి, పంట్ జట్టులో అతను ఒక్కసారి కూడా కనిపించలేదు. ప్రీసీజన్‌లో ఎన్ని గజాలన్నదాని కంటే ఏ క్వార్టర్‌లో, ఎవరి మీద అన్నది ముఖ్యమని అతనికి చెప్పి చూశాను. ఇడ్లీ పందెం ఉన్నప్పుడు ఎదుటివాడికి పాఠాలు చెప్పడం తెలివి కాదని తరువాత తోచింది.

ప్రీసీజన్ మెరుపులు ఎప్పుడూ అబద్ధమేనా అంటే, కావు. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో ఎవరూ తీసుకోని రిసీవర్ విక్టర్ క్రూజ్ 2010 ఆగస్టులో న్యూయార్క్ జెయింట్స్ తరఫున జెట్స్ మీద ఆరు బంతులు పట్టి, 145 గజాలు, మూడు టచ్‌డౌన్లు సాధించి జట్టులో చోటు సంపాదించాడు. ఆ ఏడాది సీజన్‌లో అతను ఒక్క బంతి కూడా పట్టలేదు, గాయంతో పక్కకు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది 82 బంతులు, 1,536 గజాలు. ఒక్క రాత్రి మెరుపు నిజమే అయినా దాని ఫలం అందడానికి ఏడాది ఆగవలసి వచ్చింది. ఆడమ్ థీలెన్ దారి మరీ నెమ్మది: 2013లో అతన్నీ ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, మిన్నెసోటా శిబిరంలో ప్రయత్నించి ఏడాదంతా ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (53 మందికి బయట, జట్టుతో సాధన చేసే బృందంలో) గడిపాడు, ఆ తరువాత స్పెషల్ టీమ్స్‌లో, అంటే పంట్, కికాఫ్ వంటి తన్నే ఆటలకు దిగే బృందాల్లో, పంట్‌ను అడ్డుకుని దాన్నే టచ్‌డౌన్‌గా మార్చి కుదురుకున్నాడు, 2018 సీజన్‌లో మొదటి ఎనిమిది మ్యాచుల్లోనూ వరుసగా వంద గజాలు దాటాడు. వెస్ వెల్కర్‌ను శాన్ డియేగో జట్టు 2004లో ఒకే ఒక్క మ్యాచ్ తరువాత వదిలేస్తే మయామి రిటర్నర్‌గా తీసుకుంది. కిక్కర్ గాయపడిన ఒక రోజున అతను ఫీల్డ్ గోల్ కూడా కొట్టాడు. 2007 నుంచి న్యూ ఇంగ్లండ్‌ జట్టులో అతను ఐదు సీజన్లలో వందేసి బంతులకు పైగా పట్టాడు.

అయినా ఈ కుర్చీ గురించి ఆలోచించేటప్పుడు నాకు అందరికంటే ముందు గుర్తొచ్చే పేరు మాథ్యూ స్లేటర్. 2008లో న్యూ ఇంగ్లండ్ అతన్ని ఐదో రౌండ్‌లో వైడ్ రిసీవర్‌గా తీసుకుంది. 16 సీజన్లు ఆడి, రిసీవర్‌గా పట్టిన బంతి ఒక్కటే. పది ప్రో బౌల్స్‌కు (ఏటా మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవం) ఎంపికయ్యాడు, అవన్నీ స్పెషల్ టీమ్స్ ఆటగాడిగానే. రిసీవర్ పట్టికలో అతని పేరు ఏటా ఒక స్థానం తినేస్తుందని గొణిగిన అభిమానులు ఉండే ఉంటారు. వారికి పంట్ సమయంలో టీ పెట్టుకోవడానికి లేచే అలవాటు ఉండి ఉంటుంది. ఈ సేవలోని పాత మ్యాచుల గిడ్డంగిలో స్లేటర్ గన్నర్‌గా ఆడిన ఆటలను ఒకదాని తరువాత ఒకటి చూడటం నాకు ఈ రెండేళ్లలో దక్కిన గొప్ప కాలక్షేపం. ఇద్దరు అడ్డుపడినా, మూడో అడుగులో భుజం తగ్గించి మధ్యలోంచి జారిపోయి, బంతి దిగేసరికి అక్కడ ఉంటాడు. మళ్లీ మళ్లీ అదే.

2024 నుంచి కికాఫ్ నిబంధనలు మారడంతో ఈ లెక్క కొంత తారుమారైంది. ఇంతకుముందు తన్నే జట్టువాళ్లు అరవై గజాలు ఊపందుకుని పరుగెత్తేవారు. ఇప్పుడు కిక్కర్ తప్ప మిగతా పదిమంది ఎదుటి జట్టు 40 గజాల గీత మీద, అవతలివాళ్లలో ఎక్కువమంది 30, 35 గజాల గీతల మధ్య నిలబడి, బంతి నేలనో ఆటగాణ్ణో తాకేదాకా కదలకుండా ఉండాలి. 2025లో ఎండ్ జోన్‌లోకి (మైదానం చివరి పట్టీలోకి) నేరుగా తన్నేస్తే ఎదుటివారికి 35 గజాల గీత దగ్గర బంతి ఇవ్వవలసి రావడంతో, తన్నే జట్లు రిటర్న్ ఆడించడానికే మొగ్గు చూపుతున్నాయి. దీనివల్ల నాకు అర్థమైనది ఏమిటంటే, కికాఫ్‌లో గాలిలా పరుగెత్తే సన్నటి రిసీవర్‌కు రిటర్నర్‌ను పట్టి పడేసేవాడిగా విలువ తగ్గింది, ఎదుటివాడి చేతుల్లోంచి బలంతో విడిపించుకోగల పెద్ద ఒళ్లున్న రిసీవర్‌కు విలువ పెరిగింది. సన్నటివాడు నిలవాలంటే బంతి పట్టి పరుగెత్తే రిటర్నర్‌గానే నిలవాలి. ఆరో కుర్చీ కోసం ఇద్దరు సమానంగా తోస్తే ఇప్పుడు నేను మొదట అడిగేది వాళ్ల బరువు. ఈ మార్పును కూడా ఆల్-22లోనే చూడాలి, ప్రసార కెమెరాకు బంతి పట్టినవాడి మీదే ధ్యాస.

ఇంత పొగిడాను కనుక, ఆ ఫిల్మ్ విషయంలో ఈ సేవ చేసే అన్యాయం కూడా రాయాలి. అది మ్యాచ్ అయిన వెంటనే రాదు. 2025 ప్రీసీజన్‌లో ఒక మ్యాచ్‌ది రెండు రోజులకు వచ్చింది, ఒకటి నాలుగు రోజులకు, కోత గడువు నెత్తిన కూర్చున్నాక వచ్చింది. వచ్చాక కూడా ఆటలను ఒక్కొక్కటిగా ముందుకు జరపడానికి మీట ఉంది గాని, పంట్లు మాత్రమే, లేదా కికాఫ్‌లు మాత్రమే ఏరి చూపించే ఏర్పాటు లేదు. మూడు గంటల మ్యాచ్‌లో నాకు కావలసిన పది పన్నెండు పంట్ల కోసం నూటయాభై ఆటలు జరుపుకుంటూ పోవాలి. శిబిరంలో 90 మంది ఉంటారు కనుక ప్రీసీజన్‌లో ఒకే జెర్సీ నంబరును ఇద్దరు వేసుకుంటారు, ఒకరు అఫెన్స్‌లో, ఒకరు డిఫెన్స్‌లో. స్పెషల్ టీమ్స్ ఆటలో ఆ నంబరు కనిపిస్తే అది రిసీవరా, వేరే ఆటగాడా అన్నది నడకను బట్టి, చేతికి కట్టుకున్న పట్టీని బట్టి పోల్చుకోవాలి. ఇది సేవ తప్పు కాదు, నా కళ్లద్దాల సమస్య.

ప్రత్యక్ష ప్రసారం గురించి క్లుప్తంగా. ప్రీసీజన్ మ్యాచులు చాలావరకు అక్కడ రాత్రి ఏడుకు మొదలవుతాయి. మనకు తెల్లవారుజామున నాలుగున్నర. ఆగస్టు నెల విశాఖలో ఆ వేళకు ఉక్కపోతో వానో ఏదో ఒకటి ఉంటుంది. చిత్రం నాణ్యతకు వంక పెట్టను. ఫైబర్ కనెక్షన్ మీద బాగానే వచ్చింది. వాన రోజున కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద రౌటర్ మళ్లీ లేచేసరికి ఆట ఆగిన చోటు నుంచి కాక ప్రత్యక్షానికి దూకేస్తుంది, వెనక్కి జరుపుకోవాలి. ఆ వెనక్కి జరిపే క్రమంలో తుది స్కోరు తెరపై వేసి రసభంగం చేసే దురలవాటు ఒకటి ఉంది, దాన్ని ఆపే మీట సెట్టింగుల్లో దొరికింది. టీవీ యాప్ కంటే ల్యాప్‌టాప్‌లో ఫిల్మ్ చూడటం మేలు: కీబోర్డు మీద అయిదు సెకన్లు వెనక్కి వెళ్లగలగడం ఈ పనికి ప్రాణం. సహాయ కేంద్రానికి ఆలస్యం గురించి రాస్తే, రిమోట్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయమని జవాబు వచ్చింది.

కోత రాత్రి విషయానికి వస్తే, ఈ సేవను ఆ ఒక్క రాత్రికి నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. పేర్ల జాబితా పేజీ మరునాడు సాయంత్రానికి గాని మారలేదు. మేము జట్టు సొంత ప్రకటననే చూసుకున్నాం. పైగా, జాబితా వెలువడ్డాక కూడా కథ ముగియదు. నాలుగు సీజన్లు పూర్తికాని ఆటగాణ్ణి వదిలేస్తే మిగతా 31 జట్లలో ఎవరైనా మరునాడు అతన్ని ఎగరేసుకుపోవచ్చు. అనుభవజ్ఞుణ్ణి వదిలితే అతను స్వేచ్ఛగా ఎక్కడికైనా పోవచ్చు, మళ్లీ ఇక్కడికే రావచ్చు. ఎవరూ ఎగరేసుకుపోని కుర్రాణ్ణి 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తీసుకుని, అవసరమైనప్పుడు సీజన్‌లో మూడుసార్ల వరకు మ్యాచ్‌కు పైకి పిలవచ్చు. కనుక ఆరో కుర్చీ ఎవరికి అన్న ప్రశ్నలో ఎవరు మెరుగు అన్నది సగమే. వదిలేస్తే ఎవరు చేజారతారు అన్నది మిగతా సగం. మేనల్లుడు ఈ రెండో సగాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నేను తీసుకుని కూడా ఆరో పేరు తప్పాను.

నా కాగితం మీద నిలిచింది బెన్ స్కొరోనెక్. 2021లో ఏడో రౌండ్‌లో రామ్స్‌కు వచ్చి, 2024లో హ్యూస్టన్ వదిలేస్తే స్టీలర్స్ ప్రాక్టీస్ స్క్వాడ్ ద్వారా జట్టులోకి చేరిన ఈ భారీకాయుడు స్పెషల్ టీమ్స్ బలంతో 2025లో చోటు నిలుపుకుంటాడని రాశాను, నిలుపుకున్నాడు. మావాడు ఆ పేరు చూసి నవ్వాడు. సెప్టెంబరులో జెట్స్ మీద తొలి మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ విసిరిన బంతి పట్టి అతను టచ్‌డౌన్ చేస్తే, ఆ ఆదివారం రాత్రి మా హాలులో నవ్వినవాడు వేరు. న్యాయంగా చెప్పాలంటే నేను అతన్ని ఎంచుకున్నది టచ్‌డౌన్ల కోసం కాదు.

ఎవరు తీసుకోవాలి అన్నదానికి నా అభిప్రాయం ఇది. స్టార్ ఆటగాళ్లను చూడటానికైతే ఈ చందా అవసరానికి మించిన ఖర్చు. ముఖ్యాంశాలు ఉచితంగానే దొరుకుతాయి. నాలాంటి పిచ్చి ఉన్నవారికి, అంటే జట్టు అడుగున ఉన్న వాళ్లను చూడాలనుకునే వారికి, ఆల్-22 ఒక్కటే ఆ డబ్బుకు సరిపోతుంది, అయిదింటికి నాలుగు మార్కులు వేస్తాను. పోయిన ఆ ఒక్క మార్కు ఆలస్యానిది. ఏడాది చందా ఒకేసారి కట్టేవారు కొనే తేదీ చూసుకోవాలి. సెప్టెంబరులో కొంటే మరుసటి ఆగస్టు ప్రీసీజన్ కూడా అదే చందాలో కలిసివస్తుంది, ఆగస్టు మొదట్లో కొంటే రాదు. నేను మొదటి ఏడాది ఆగస్టు 2న కొన్నాను. దానంతటదే పొడిగించుకునే ఏర్పాటు ముందే టిక్కు పెట్టి ఉంటుంది, ఖాతా పేజీలో అట్టడుగున దాన్ని తీసేయవచ్చు.